చేయి మారే చోట ఎవరి పేరుంది? సముద్రం లేని నేపాల్‌కు అందిన సాయం, అందని సాయం

(విశాఖపట్నంలో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, రేవు వ్యాపారంలో ఉన్నవారు హాజరైన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

మన విశాఖ రేవులో ఓడ దిగే కంటెయినర్లలో కొన్నిటి గమ్యం బీర్‌గంజ్. నేపాల్ దక్షిణ సరిహద్దులో, బిహార్‌లోని రక్సౌల్‌కు ఆనుకుని ఉన్న ఊరు అది. ఇక్కడికి 1400 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కోల్‌కతా నుంచైతే అందులో సగమే, 700 కిలోమీటర్లు. సగం దూరంలో రేవు పెట్టుకుని నేపాల్ వ్యాపారి మన ఊరు ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, సముద్రతీరం లేని దేశానికి అంతర్జాతీయ సహకారం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ కాగితం మీదే మిగిలిపోతుందో తెలుస్తుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఐక్యరాజ్యసమితి లెక్కలో సముద్రతీరం లేని అభివృద్ధి చెందుతున్న దేశాలు 32. వీటి కోసం 2003లో అల్మాటీలో, 2014లో వియన్నాలో, ఇప్పుడు తుర్క్‌మెనిస్తాన్‌లోని అవాజాలో కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నారు. అవాజా మహాసభ 2025 ఆగస్టులో జరిగింది. అయితే అసలు హక్కు వీటన్నిటికంటే పాతది. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం 125వ అధికరణ, తీరం లేని దేశానికి సముద్రం చేరుకునే హక్కు, మధ్యలోని దేశం గుండా సరుకు నడిపే స్వేచ్ఛ ఉన్నాయని చెబుతుంది. అదే అధికరణలో ఇంకో మాట కూడా ఉంది. ఆ స్వేచ్ఛను ఏ షరతుల మీద వాడుకోవాలో సంబంధిత దేశాలు తమలో తాము ఒప్పందం చేసుకోవాలి. మొత్తం విషయం ఈ రెండో మాటలోనే ఉంది. దారి ఉన్నా, ఆ దారిలో సరుకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే ప్రతిచోటా ఎవరు బాధ్యులో రాసుకోకపోతే సరుకు అక్కడే నిలబడిపోతుంది. నేపాల్ విషయంలో ఈ నిజం రెండుసార్లు బాగా చేదుగా తెలిసివచ్చింది. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు ముగిసి సరిహద్దులో రెండు తప్ప మిగతా రవాణా ద్వారాలు మూతపడ్డాయి. 2015లో, భూకంపం వచ్చిన ఏడాదే, సెప్టెంబరు నుంచి దాదాపు ఐదు నెలలు పెట్రోలు, వంటగ్యాస్, మందులు సరిగా వెళ్లలేదు.

సరే, ముందు కంటెయినర్ సంగతి చూద్దాం.

కోల్‌కతా నదీ రేవు. ఓడ హుగ్లీలో 200 కిలోమీటర్లకు పైగా లోపలికి రావాలి. నీటి లోతు తక్కువ, పోటు చూసుకుని రావాలి. పెద్ద మదర్ షిప్‌లు అక్కడికి రాలేవు కాబట్టి సరుకును కొలంబోలోనో సింగపూర్‌లోనో దించి చిన్న ఓడకెక్కించి తెస్తారు. ఆ చిన్న ఓడ కోసం ఎదురుచూపు, రేవులో బెర్తు కోసం ఎదురుచూపు. విశాఖలో లోతు ఎక్కువ, పెద్ద ఓడ నేరుగా వస్తుంది. రైల్లో దూరం రెట్టింపైనా, చైనా నుంచో యూరప్ నుంచో వచ్చే సరుకుకు మొత్తం ప్రయాణంలో రోజులు కలిసొచ్చే అవకాశం ఉంది. 2016లో రెండు ప్రభుత్వాలూ లేఖలు మార్చుకుని విశాఖను నేపాల్ రవాణా రేవుగా చేర్చాయి.

ఓడలో ఆదా చేసుకున్న రోజులు కాగితాల్లో పోతే ఏం లాభం? పాత పద్ధతి ఎలా ఉండేదో చూడండి. నేపాల్ దిగుమతిదారు బ్యాంకు నుంచి అసలు పత్రాలు విడిపించుకోవాలి. కోల్‌కతాలో క్లియరింగ్ ఏజెంట్‌ను పెట్టుకుని అక్కడి కస్టమ్స్‌లో ట్రాన్సిట్ డిక్లరేషన్, అంటే ఈ సరుకు భారత్ గుండా నేపాల్ పోతోందన్న ప్రకటన, దాఖలు చేయాలి. సరుకు దారిలో భారత మార్కెట్లోకి జారిపోతుందేమోనన్న అనుమానం కొద్దీ, కొన్ని రకాల సరుకులకు భారత సుంకానికి సరిపడా బీమా చూపించాలి. కస్టమ్స్ వారు సీలు చూసి, లాకు వేసి పంపితే, సరిహద్దులో ఆ సీళ్లూ లాకులూ మళ్లీ సరిచూసి డిక్లరేషన్ ప్రతి మీద సంతకం చేయాలి. ఆ ప్రతి తిరిగి కోల్‌కతా చేరితేనే ఫైలు మూతపడుతుంది. ఒక్క ప్రతిలో కంటెయినర్ నంబరు ఒక అంకె తప్పు పడితే బండి ఆగిపోతుంది. ఈలోగా రెండు మీటర్లు తిరుగుతూ ఉంటాయి. రేవు యార్డులో ఉన్నన్నాళ్లు రేవు అద్దె. కంటెయినర్ ఓడ కంపెనీది కాబట్టి, ఉచితంగా ఇచ్చిన గడువు, సాధారణంగా రెండు మూడు వారాలు, దాటాక రోజుకింత డిటెన్షన్, అంటే ఆలస్యపు రుసుము. బీర్‌గంజ్‌లో సరుకు దించేశాక ఖాళీ డబ్బాను తిరిగి కోల్‌కతాలో అప్పగించేదాకా ఆ మీటర్ ఆగదు. నేపాల్ దిగుమతులు ఎగుమతులకు ఎన్నో రెట్లు. అందువల్ల డబ్బాలు ఎక్కువభాగం ఖాళీగానే వెనక్కి రావాలి, ఆ ఖర్చు కూడా దిగుమతిదారు మీదే పడుతుంది. నేపాలీ సిమెంటు ఫ్యాక్టరీ కొనే యంత్రం ధరలోనూ, రైతు కొనే పంపు ధరలోనూ ఆ ఖర్చు చేరుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్. ఆసియా అభివృద్ధి బ్యాంకు సాంకేతిక సాయంతో భారత కస్టమ్స్, నేపాల్ కస్టమ్స్ కలిసి కోల్‌కతా, విశాఖల నుంచి బీర్‌గంజ్ రైలు మార్గంలో ముందు ప్రయోగాత్మకంగా, 2019 నుంచి పూర్తిస్థాయిలో మొదలుపెట్టాయి. కంటెయినర్ తలుపు కడ్డీకి ఒక జీపీఎస్ తాళం వేస్తారు. దారి తప్పినా, మధ్యలో తెరవాలని చూసినా హెచ్చరిక వెళ్తుంది. చూడటానికి పరికరం చిన్నదే. అది మార్చింది బాధ్యతను. బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో, గమ్యం బీర్‌గంజ్ అని ఉంటే, రేవు నుంచి బీర్‌గంజ్ దాకా సరుకు ఓడ కంపెనీ బాండు మీద, దాని పూచీ మీద వెళ్తుంది. దిగుమతిదారు రేవులో ట్రాన్సిట్ డిక్లరేషన్ వేయనక్కర్లేదు, ఏజెంటును పెట్టుకోనక్కర్లేదు. ఖాళీ డబ్బా అప్పగింత కూడా బీర్‌గంజ్‌లోనే. పదిమంది చేతుల్లో చీలిపోయిన బాధ్యత ఒక్కరి మీదకు వచ్చింది.

మెలిక ఎక్కడుందంటే, బిల్లులో గమ్యం కోల్‌కతా అనో విశాఖ అనో రాయించుకున్న వ్యాపారికి ఈ సౌకర్యం వర్తించదు. సరుకు ఓడెక్కకముందే, అమ్మేవాడి ఊళ్లో, బిల్లు రాసేటప్పుడే ఈ విషయం చూసుకోవాలి. ఓడ దిగాక సరిదిద్దబోతే మళ్లీ రోజులు, రుసుములు. ఇంకో ఇబ్బంది రైలుది. ఒక కంటెయినర్ రేక్ అంటే 45 వ్యాగన్లు, ఇరవై అడుగుల డబ్బాలు 90. ఒక్కో ఓడలో నేపాల్ డబ్బాలు ఇరవయ్యో ముప్ఫయ్యో వస్తే రేక్ నిండేదాకా ఎవరో ఒకరు ఆగాలి. ఓడలో ఆదా అయిన వారం యార్డులో పోతుంది. మొదట్లో ఈ మార్గంలో రైళ్లు నడిపే అధికారం ఒక్క ప్రభుత్వరంగ కంటెయినర్ సంస్థకే ఉండేది. 2021 జులైలో రైలు ఒప్పందాన్ని సవరించి, అనుమతి ఉన్న ప్రైవేటు రైలు నిర్వాహకులకు కూడా తలుపు తెరిచారు. తాళాలదీ అదే తంతు. బీర్‌గంజ్‌లో విప్పిన తాళాలు సమయానికి తిరిగి రేవుకు చేరకపోతే ఇక్కడ సరుకు ఉండి, రైలు ఉండి కూడా కదలలేదు.

బీర్‌గంజ్ శివార్లలో సిర్సియా దగ్గర రైలు ఆగే డ్రై పోర్టు, అంటే సముద్రానికి దూరంగా కంటెయినర్లు దించుకునే యార్డు, ఉంది చూశారూ, దాన్ని ప్రపంచబ్యాంకు రుణంతో కట్టారు. యార్డు కట్టడంతో పని అవ్వలేదు. రక్సౌల్ నుంచి ఆ యార్డులోకి భారత రైలు వెళ్లాలంటే రెండు దేశాల మధ్య విడిగా రైలు ఒప్పందం కావాలి. అది కుదిరాకే 2004లో రైళ్లు మొదలయ్యాయి. అప్పటిదాకా కట్టిన యార్డు ఖాళీగా ఎదురుచూసింది.

అప్పు వచ్చి, కట్టడం లేచి, పక్కదేశంతో రాసుకోవాల్సింది మిగిలిపోతే ఏమవుతుందో భైరహవా విమానాశ్రయం చూస్తే తెలుస్తుంది. లుంబిని పక్కనే ఉంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఒపెక్ నిధి రుణాలతో అంతర్జాతీయ స్థాయికి పెంచి 2022 మేలో ప్రారంభించారు. ఆ మరుసటి ఏడాది జనవరిలో చైనా ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో కట్టిన పోఖరా విమానాశ్రయం వచ్చింది. రెండిట్లోనూ రోజువారీ అంతర్జాతీయ విమానాలు నిలదొక్కుకోలేదు. ప్రయాణికుల గిరాకీ, విమాన సంస్థల లెక్కలు లాంటి కారణాలు ఉన్నాయి, కాదనను. కానీ దోహా నుంచో దుబాయ్ నుంచో వచ్చే విమానం నేపాల్ గగనతలంలోకి ప్రధానంగా తూర్పు వైపున్న సిమరా మీదుగా రావాలి. భైరహవా పడమటి వైపుంది. అంటే దాటిపోయి వెనక్కి రావాలి. పడమటి నుంచి ప్రవేశం ఇమ్మని నేపాల్ ఏళ్లుగా అడుగుతోంది. గల్ఫ్‌లో పనిచేసే లక్షలమంది నేపాలీల ప్రయాణం ఆ ఒక్క గగన ద్వారం దగ్గర చిక్కుకుంది. రన్‌వేకి రుణం ఇచ్చే ముందు, ఆ ద్వారం ఒప్పందం రుణ షరతుల్లో మొదటి వరుసలో ఉండాల్సింది. నా గట్టి అభిప్రాయం అది.

చైనా వైపు దారి మాట కూడా తరచూ అడుగుతారు. 2016లో ఒప్పందం, 2019లో దాని అమలు విధానం కుదిరాయి. తియాంజిన్, షెన్‌జెన్, లియాన్‌యున్‌గాంగ్, ఝాన్‌జియాంగ్ రేవులు వాడుకోవచ్చు. దగ్గరి రేవు కూడా 3000 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో హిమాలయం. బేరమాడే బలం ఇస్తుందేమో గానీ ఇప్పటికైతే రోజువారీ సరుకుకు అది దారి కాలేదు.

ఇక కరెంటు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే భాగం ఇది.

పదేళ్లకు పైగా కిందట నేపాల్‌లో వానల్లేని కాలపు కరెంటు కోతలు రోజుకు 16, 18 గంటలదాకా వెళ్లిన రోజులున్నాయి. హిమాలయ నదులున్న దేశంలో ఆ పరిస్థితి ఎందుకు? అక్కడి జలవిద్యుత్ కేంద్రాలు ఎక్కువగా పారే నీటి మీద నడిచేవి, పెద్ద జలాశయం ఉండదు. ఏడాదిలో 40 శాతం రోజులు దొరికే ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకుని టర్బైన్లు పెడతారు. వానాకాలంలో అవి నిండుగా తిరుగుతాయి. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి నదిలో నీరు పడిపోయి ఉత్పత్తి మూడో వంతుకు దిగుతుంది. చలికి గిరాకీ పెరిగేది సరిగ్గా అప్పుడే. నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రైవేటు కేంద్రాలకు చెల్లించే రేటే ఈ కథ చెబుతుంది. వానాకాలపు యూనిట్‌కు 4.80 నేపాలీ రూపాయలు, వానల్లేని కాలపు యూనిట్‌కు 8.40. వానాకాలంలో ఎక్కువై పారబోయాలి, వానల్లేని కాలంలో కొనుక్కోవాలి. పొరుగు దేశపు గ్రిడ్‌తో కలవకపోతే దీనికి చవకైన పరిష్కారం లేదు.

ఆ కలయికే నేపాల్‌లోని ధల్కేబర్‌ను బిహార్‌లోని ముజఫర్‌పుర్‌తో కలిపే 400 కిలోవోల్టుల లైను. నేపాల్ వైపు భాగానికి ప్రపంచబ్యాంకు నిధులిచ్చింది. లైను 2016 ఫిబ్రవరిలో ప్రారంభమైంది, కానీ 400 కిలోవోల్టుల దగ్గర కాదు, 132 దగ్గర. ఎందుకంటే ధల్కేబర్‌లో ఆ స్థాయి సబ్‌స్టేషన్ ఇంకా తయారు కాలేదు. తీగ ఎంత లావున్నా, చివర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోయగలదో అంతే వెళ్తుంది. తర్వాత 220కి, 2020 చివరికి 400కి పెంచారు. దాతల నివేదికల్లో లైను పూర్తి అని రాసుకున్న రోజుకూ, లైను పూర్తి బలంతో పనిచేసిన రోజుకూ మధ్య నాలుగేళ్లకు పైగా తేడా ఉంది. సబ్‌స్టేషన్, లైను వేర్వేరు కాంట్రాక్టుల్లో, వేర్వేరు నిధులతో నడిస్తే జరిగేది ఇదే. ఒకదాని గడువును ఇంకోదానికి కట్టిపడేయాలి.

తీగ వచ్చినా అమ్మకం మొదలవలేదు. 2014 అక్టోబరులో విద్యుత్ వ్యాపార ఒప్పందం కుదిరింది. భారత విద్యుత్ ఎక్స్‌ఛేంజిలో నేపాల్ తన కరెంటును అమ్ముకునే అనుమతి 2021 నవంబరులో వచ్చింది, అదీ 39 మెగావాట్లకు. 24 మెగావాట్ల త్రిశూలి, 15 మెగావాట్ల దేవీఘాట్, రెండూ భారత సాయంతో కట్టిన పాత కేంద్రాలే. ప్రతి కేంద్రానికీ విడిగా అనుమతి కావాలి. చైనా పెట్టుబడి గానీ చైనా కాంట్రాక్టరు గానీ ఉన్న కేంద్రం కరెంటును భారత్ కొనదు. నేపాల్‌లో కేంద్రం కట్టాలనుకునేవాడు సిమెంటు కలపకముందే ఈ సంగతి తెలుసుకుని తీరాలి, ఎందుకంటే కాంట్రాక్టరును మార్చడం తర్వాత కుదరదు. 2024 జనవరిలో, పదేళ్లలో 10,000 మెగావాట్లు కొనేలా దీర్ఘకాలిక ఒప్పందం జరిగింది.

అన్నిటికంటే చిన్నదీ, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేదీ బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్ల అమ్మకం. 2024 అక్టోబరు 3న కాఠ్‌మాండూలో మూడు పక్షాలు సంతకం చేశాయి. నేపాల్ విద్యుత్ సంస్థ, బంగ్లాదేశ్ విద్యుత్ బోర్డు, మధ్యలో భారత్‌కు చెందిన విద్యుత్ వ్యాపార సంస్థ ఎన్‌వీవీఎన్. ఏటా జూన్ 15 నుంచి నవంబర్ 15 దాకా, యూనిట్‌కు 6.4 అమెరికన్ సెంట్లు. మీటరు ముజఫర్‌పుర్‌లో. అంటే ధల్కేబర్ నుంచి ముజఫర్‌పుర్ దాకా తీగలో పోయే నష్టం నేపాల్ భరిస్తుంది, అక్కడి నుంచి ముందుకు పోయేది బంగ్లాదేశ్ లెక్క. పశ్చిమ బెంగాల్‌లోని బెహరాంపుర్ మీదుగా బంగ్లాదేశ్‌లోని భేడామారాకు చేరుతుంది. నిజానికి నేపాల్ ఎలక్ట్రాన్లు విడిగా మూట కట్టుకుని బంగ్లాదేశ్ వెళ్లవు, భారత గ్రిడ్‌లో ఒకచోట పోస్తారు, ఇంకోచోట తోడుకుంటారు. అందుకే మీటరు ఎక్కడ, నష్టం ఎవరిది, లైను పడిపోతే ఎవరు ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలి అన్నవి ధరకంటే ముందు తేలాలి. ఒక్క రోజు, 2024 నవంబర్ 15న, ప్రారంభంగా ప్రవహించి, మరుసటి ఏడాది జూన్ నుంచి సీజన్ మొత్తం నడిచింది. 40 మెగావాట్లు పెద్ద ఊరికి కూడా చాలవు. కానీ ఉమ్మడి సరిహద్దు లేని రెండు దేశాల మధ్య మూడోదేశం గుండా కరెంటు వ్యాపారం దక్షిణాసియాలో మొదటిసారి జరిగింది, అదీ ప్రతి చేతి మార్పు దగ్గరా ఒక పేరు రాసుకుని జరిగింది. ఇక సంఖ్య పెంచడం సులువు.

డబ్బు విషయంలో ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. నేపాల్‌లో ఉన్న అతిపెద్ద కేంద్రం, 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి, 2021లో మొదలైంది. దానికి విదేశీ రుణం లేదు. ఉద్యోగుల భవిష్యనిధి, దేశీయ సంస్థలు, ప్రజల వాటాలు. బయటి సహకారం తీగలకూ, సరిహద్దు దాటే ఒప్పందాలకూ ఉపయోగపడితే, కేంద్రాల్లో పెట్టడానికి దేశంలోనే డబ్బు బయటికొస్తుంది, ఎందుకంటే అమ్ముకోవడానికి దారి కనిపిస్తుంది.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. బిహార్‌లోని మోతీహారీ నుంచి నేపాల్‌లోని అమలేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను 2019 సెప్టెంబర్ 10న ప్రారంభమైంది. ఏటా 20 లక్షల టన్నుల సామర్థ్యం. ఖర్చు ఇండియన్ ఆయిల్ పెట్టింది. ఆలోచన 1996 నాటిది, మొదలుపెట్టాక మాత్రం పదిహేను నెలల్లో ముగిసింది. ముందు డీజిలే పంపారు. ఒకే గొట్టంలో వేర్వేరు ఇంధనాలు పంపాలంటే రెండిటి మధ్య కలిసిపోయే భాగాన్ని వేరుగా పట్టుకోవడానికి అవతలి చివర ట్యాంకులు కావాలి. అవి లేకుండా పెట్రోలు పంపితే కల్తీ అయిన సరుకే మిగులుతుంది. ట్యాంకర్లలో తెచ్చేటప్పుడు దారిలో ఒలికిపోవడం, దొంగతనాలు తగ్గాయి. అయితే నేపాల్ ఇప్పుడు వానాకాలపు మిగులు కరెంటుతో విద్యుత్ కార్లు, వంటకు ఇండక్షన్ పొయ్యిలు ప్రోత్సహిస్తోంది. కొత్తగా దిగుమతయ్యే కార్లలో ఎక్కువ భాగం విద్యుత్తువే. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే పైపు నిండుగా నడవాలని కోరుకోకూడదు.

ఇప్పుడు సరిహద్దుతో ఏ సంబంధమూ లేని పని ఒకటి చెబుతాను, ఎందుకంటే సహకారం ముప్ఫయ్యేళ్లు నిలబడితే ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది. గోబర్ గ్యాస్.

1992లో నెదర్లాండ్స్ సంస్థ ఎస్‌ఎన్‌వీ మద్దతుతో నేపాల్‌లో బయోగ్యాస్ కార్యక్రమం మొదలైంది. జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 1997లో చేరింది. 1996లో నేపాల్ ప్రభుత్వం ప్రత్యామ్నాయ ఇంధన ప్రోత్సాహక కేంద్రాన్ని పెట్టింది. ఇప్పటికి 3 లక్షలకు పైగా ఇళ్లలో ప్లాంట్లు కట్టారు. ఒకటే నమూనా, జీజీసీ 2047. జీజీసీ అంటే గోబర్ గ్యాస్ కంపెనీ. విక్రమ సంవత్ 2047, అంటే మన 1990 నాటి డిజైను. నాలుగైదు పరిమాణాలు తప్ప డిజైను మార్చే స్వేచ్ఛ ఏ కంపెనీకీ లేదు. ఈ కచ్చితత్వమే కార్యక్రమాన్ని కాపాడింది.

కొండ ప్రాంతంలో 6 ఘనమీటర్ల ప్లాంటు తీసుకోండి. రోజుకు 36 కిలోల పేడ, అంతే నీరు. కట్టేసి మేపే గేదె రోజుకు పదిహేను కిలోలదాకా ఇస్తుంది, ఆవు పది. కాబట్టి మూడు పశువులైనా ఉండాలి. వేడి ఎక్కువుండే తరాయి మైదానంలో జీర్ణం త్వరగా అవుతుంది గనుక అదే ప్లాంటుకు 45 కిలోలు వేస్తారు. చలిచోట పేడ, నీరు కలిసిన మడ్డి లోపల 70 రోజులు నానాలి, మైదానంలో 55 చాలు. కిలో పేడకు 36 నుంచి 40 లీటర్ల గ్యాస్. మొత్తం మీద ఒక పొయ్యి రోజుకు మూడు, మూడున్నర గంటలు మండుతుంది. చిన్న కుటుంబానికి రెండు పూటలా అన్నం, కూర అయిపోతాయి. మొదటిసారి నింపడానికి మాత్రం రెండు టన్నులకు పైగా పేడ కావాలి. గొయ్యి తవ్వడం మొదలుపెట్టిన రోజు నుంచే పేడ ఎండకుండా కప్పి పోగుచేయాలి.

కట్టడంలో అసలు నైపుణ్యం గ్యాస్ నిలిచే గుమ్మటం దగ్గర ఉంది. గుండ్రంగా రాతిగోడ లేపాక, లోపలంతా మట్టి నింపి, పైన గుమ్మటం ఆకారంలో తీర్చి దాని మీద కాంక్రీటు పోస్తారు. సిమెంటు ఒకటి, ఇసుక మూడు, కంకర మూడు. మొత్తం ఒక్క రోజులో పోయాలి. సగం ఇవాళ, సగం రేపు పోస్తే అతుకు దగ్గర గ్యాస్ కారుతుంది, దాన్ని తర్వాత కనిపెట్టడం కూడా కష్టం. కాంక్రీటు గట్టిపడి, తడుపుతూ ఆరాక మట్టిని మనిషి దూరే రంధ్రం గుండా తవ్వి బయటికి తీస్తారు. లోపలి వైపు ఐదు పూతలు వేయాలి. చివరి పూతల్లో సిమెంటుతో పాటు యాక్రిలిక్ ఎమల్షన్ పెయింటు కలుపుతారు. గ్యాస్ ఆగేది ఈ పూత వల్లే. పేడ కలిపే తొట్టి అడుగు, బయటి తొట్టి పొర్లే మట్టం కంటే కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. లేకపోతే గ్యాస్ ఒత్తిడి పెరిగినప్పుడు మడ్డి తొట్టిలోకి వెనక్కి ఎగదన్నుతుంది. గ్యాస్ గొట్టం వాలు నీటి డ్రెయిన్ వైపు ఉండాలి. గ్యాస్‌తో వచ్చే ఆవిరి గొట్టంలో నీరై, పల్లంలో నిలిస్తే మంట ఎగిరెగిరి పడి ఆరిపోతుంది. పొయ్యి పాడైందని చాలామంది మార్చేస్తారు. నిజానికి ఆ డ్రెయిన్ విప్పి నీరు వదిలితే సరిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు ఊరూరా ఎవరు పాటిస్తారు? డబ్బు నడిపించిన తీరు వల్ల పాటించారు. సబ్సిడీ ఇంటివాళ్ల చేతికి రాదు, కట్టిన కంపెనీకి వెళ్తుంది. ప్లాంటు ప్రమాణాల ప్రకారం ఉందని తేలాకే వెళ్తుంది. కొండ, మారుమూల ప్రాంతాలకు ఎక్కువ, మైదానానికి తక్కువ. కట్టడానికి మూడేళ్లు, గొట్టాలు, పొయ్యికి ఏడాది గ్యారంటీ. తనిఖీవాళ్లు యాదృచ్ఛికంగా ఇళ్లు ఎంచుకుని కొలతలు తీస్తారు. తేడా వస్తే కంపెనీకి కోత పడుతుంది, మరీ ఎక్కువైతే జాబితాలోంచి పేరు పోతుంది. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. 2005 డిసెంబరులో ఈ ప్లాంట్ల వల్ల తగ్గిన కర్బన ఉద్గారాలను క్యోటో ఒప్పందం కింద నమోదు చేశారు, నేపాల్‌లో అవే మొదటివి. ప్రపంచబ్యాంకు నిధి వాటిని కొంది. దాత వెళ్లిపోతే కార్యక్రమం ఆగకుండా ఆ రాబడి కొంత ఆదుకుంది.

ఇబ్బందులు లేవని కాదు. యువకులు గల్ఫ్‌కు, మలేసియాకు వెళ్లాక ఇంట్లో పశువులు తగ్గాయి. పేడ సగానికి పడిపోయినా నీరు మాత్రం పాత లెక్కలోనే పోస్తారు. మడ్డి పలచబడి గ్యాస్ రాదు. మరుగుదొడ్డి కలిపిన ప్లాంట్లలో ఫినాయిల్ పోసి కడిగితే లోపలి సూక్ష్మజీవులు చస్తాయి. సిలిండర్ దొరికాక మరమ్మతు అడగనివారూ ఉన్నారు. 2015లో సిలిండర్లు ఆగిన నెలల్లో మాత్రం పేడ వేస్తూ వచ్చిన ఇళ్లలో పొయ్యి ఆరలేదు.

చివరిగా ఉత్తరపు ద్వారం గురించి చెప్పాలి. ఇందులో ఇంకా ఎవరి పేరూ రాసుకోని చేతి మార్పు ఒకటి ఉంది.

హిమానీనదాల కింద సరస్సులు పెరుగుతున్నాయి. వాటిని తగ్గించే పని నేపాల్‌కు తెలుసు. 2000లో డచ్ సాయంతో త్సో రోల్పా సరస్సు మట్టం 3 మీటర్లు దించారు. 2016లో, 5000 మీటర్ల ఎత్తున, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ప్రాజెక్టులో నేపాల్ సైన్యం ఇమ్జా సరస్సును దాదాపు మూడున్నర మీటర్లు దించింది. కాలువ తవ్వి, తలుపు పెట్టి, నీటిని మెల్లగా వదలడం ఆ పద్ధతి. కానీ ఆ సరస్సులు నేపాల్‌లో ఉన్నాయి. 2025 జులై 8న టిబెట్ వైపు హిమానీనదం మీది సరస్సు తెగి భోటెకోశికి వరద వచ్చింది. రసువాగఢీ దగ్గర మైత్రీ వంతెన కొట్టుకుపోయింది. 111 మెగావాట్ల రసువాగఢీ కేంద్రం దెబ్బతింది. తిమురేలో చైనా సాయంతో కడుతున్న డ్రై పోర్టు, అక్కడ నిలిపి ఉంచిన కొత్త విద్యుత్ కార్లు, కంటెయినర్లు, మనుషులు ఆ నీటిలో పోయారు. పై దేశం నుంచి కింది దేశానికి ముందస్తు హెచ్చరిక రాలేదు. కాఠ్‌మాండూలో 1983 నుంచి ఎనిమిది హిమాలయ దేశాల ఇసిమోడ్ సంస్థ ఉంది, అందులో చైనా, నేపాల్, భారత్ మూడూ సభ్యులే. ఉపగ్రహ చిత్రాలతో సరస్సుల జాబితా తయారుగా ఉంది. లేనిదల్లా, ఎగువన ఏ కొలబద్ద ఎంత మట్టం చూపిస్తే ఏ అధికారి దిగువన ఏ నంబరుకు ఎన్ని నిమిషాల్లో ఫోన్ చేయాలి, సైరన్ ఎవరు మోగించాలి అని రెండు దేశాలూ సంతకం పెట్టిన ఒక పేజీ. ఆ లోయలో వంతెన, కేంద్రం, డ్రై పోర్టు మళ్లీ కట్టడానికి డబ్బు ఇచ్చేవారు ఆ పేజీ కుదిరాకే మొదటి వాయిదా విడుదల చేయాలి.